రైతు తుపాకి – రాజ్యధర్మము

మల్కాపురము కర్మాగారముల నడుమ నున్న యూరు. ఒక ప్రక్క నౌకానిర్మాణశాల, వేరొక ప్రక్క చమురుశుద్ధి కర్మాగారము. కొంత దూరమున నౌకాదళ ఆయుధాగారము పేరుననే ప్రసిద్ధికెక్కిన ఎన్.ఏ.డి. కూడలి. మందుగుండు తూకమున ఆవగింజంత పొరపాటునకు చోటీయని శాస్త్రము మన ముంగిటనే యున్నది. కాని ఇక్కడ నివసించుచు పల్లెలలో భూములు గలవారు పండుగకు మాడుగుల, చోడవరముల వైపు పోయినపుడు వినునది వేరొక కథ. చెరకుతోటలో అడవిపందులు పడినవి. ఒకరు చేను చుట్టు కరెంటు తీగ లాగిరి. మరియొకరు నాటు తుపాకిలో చేతికి వచ్చినంత మందు దట్టించి కాల్చిరి. పంది గాయముతో తుప్పలలోనికి పోయినది. మరునాడు ఆ తుప్పల ప్రక్కన కలుపు తీయబోవు కూలివాని ప్రాణమునకు పూచీ యెవ్వరు?

ఈ దుస్థితికి మూలము రైతు మూర్ఖత్వమని పట్టణవాసులు తలంచుట న్యాయము కాదు. 1878లో లిట్టను ప్రభువు కాలమున వెలువడిన ఆయుధ చట్టము ఈ దేశ ప్రజలను నిరాయుధులను చేసినది. బ్రిటిషు పాలనలోని అపచారము లన్నిటిలో దీనినే మిక్కిలి నల్లనిదిగా గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో పేర్కొనెను. 1907 ప్రాంతమున దొరతనమువారు 450 బోరు రైఫిళ్లను సైతము ఇండియాలో నిషేధించిరి; ఆ తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కునేమో యని వారి భయము. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా పడి కొనిపోయినది ధనము కాదు, తుపాకులు, తూటాలు. నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కులలో చేర్చినది.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1959లో కొత్త చట్టము వచ్చినది. పంట కాపాడుకొనువానికి అది ఇచ్చునదేమి? మూతినుండి మందు దట్టించు తుపాకి! అది చాలదని అధికారికి తోచినచో మరియొక నునుపు గొట్టపు తుపాకికి అనుజ్ఞ ఈయవచ్చునని 13వ సెక్షను చెప్పుచున్నది. ఆ వెసులుబాటు చట్టములో కలదు. పల్లెలో మాత్రము దాని జాడ అరుదు.

తూటా యనగా నాలుగు వస్తువుల పొత్తు. ఇత్తడి ఖోలు, దాని యడుగున నిప్పు పుట్టించు క్యాపు, లోపల పొగలేని మందు, మూతివద్ద గుండు. అమెరికా మొదలగు దేశములలో దూరపు గురి వేటగాండ్రనేకులు ఈ నాలుగింటిని తామే తూచి కూర్చుకొందురు. వారి మందు తూకము గ్రెయినులలో నుండును. గ్రెయిను పౌనులో 7000వ వంతు. అందును పదవ వంతు వరకు వారు చూచుకొందురు. ఈ శ్రమ బలము పెంచుటకు కాదు, ప్రతి తూటాయు ముందుదానివలెనే నడచుటకు. పట్టికలో చెప్పిన తక్కువ మోతాదుతో ఆరంభించి కొంచెము కొంచెముగా పెంచెదరు. క్యాపు అణగి చదునైనను, ఖోలు బిగిసి రాకున్నను వెంటనే తగ్గింతురు. తొందరపడినవాని చేతిలోనే తుపాకి పగులును.

గుండును ఎన్నుకొనుటలోను అట్టి వివేకమే కావలెను. ఒళ్లంతయు రాగితొడుగు గల గుండు జంతువు శరీరమున సన్నని రంధ్రము చేసి దూసిపోవచ్చును. ప్రాణము పోదు, బాధ పోదు. మూతివద్ద సీసము తెరచియుంచిన మెత్తమూతి గుండు తగిలినచోట విచ్చుకొని త్వరగా కూల్చును. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలలో 1890 తరువాత ఇట్టి గుండ్లు తయారైనవి. 1899లో హేగు సభ వీనిని యుద్ధమున నిషేధించినది. మనుష్యునిపై క్రూరమని నిషేధింపబడినదే మృగము విషయమున కరుణ యగుట వింతగా తోచినను నిజము.

ఐతే విచ్చుకొనుటకు వేగము కావలెను. వేగము సగమైన దెబ్బ బలము నాలుగవ వంతునకు దిగును. దూరము పెరిగినకొలది గుండు మందగించి, విచ్చుకొనక సూదివలె దూరిపోవును. 400 మీటర్ల దూరమున గుండు మూరెడుకు మించి క్రిందికి జారును. అది చేరుటకు ఇంచుమించు అరసెకను పట్టును. ఆ లోపల పంది ఒక యడుగు వేసిన చాలు, గుండెకు తగులవలసినది కడుపున తగులును. తుపాకి ఎంత దూరము కొట్టగలదో అంత దూరమును కాల్చుట నేర్పు కాదు. ఖాయముగా చంపగల దూరము వరకే కాల్చుట నేర్పు.

ఇక నాటు తుపాకిని చూడుడు. మందు గుప్పిటి కొలత. గుండు కరగించిన సీసమో, ఇనుప ముక్కలో. గొట్టము నునుపుగాన గుండుకు సుడి లేదు; గుండ్రని గుండుగాన గాలిలో వేగము త్వరగా కోల్పోవును. ఏ వేటశాస్త్రమును సమ్మతింపని సాధనమును రైతు చేతికిచ్చి, అతడు గాయపరచెనని నిందించుట యేమి ధర్మము?

అట్లని ఇంటింటికి రైఫిలు ఈయవలెనని మేము కోరుట లేదు. రైఫిలు గుండు గురి తప్పినచో 3 కిలోమీటర్లకు మించి పోగలదు. మన పల్లెలు అంత యెడముగా లేవు. 1972 నాటి వన్యప్రాణి చట్టము 9వ సెక్షనుచే వేటను నిషేధించినది, అది నిలువవలసినదే. పంట పేరు చెప్పి కణుజును, దుప్పిని కొట్టువారు లేకపోలేదు. కాని 11వ సెక్షను నిలిచియున్న పంటను సైతము ఆస్తిగా నెంచి, హాని చేయు కొన్ని మృగములను చంపుటకు అధికారి వ్రాతమూలకమైన అనుమతి ఈయవచ్చునని చెప్పుచున్నది. కేరళ ప్రభుత్వము 2022లో అడవిపంది విషయమున ఆ యధికారమును స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించి, విషము, ప్రేలుడు పదార్థములు, కరెంటు తీగలు వాడరాదని కట్టడి చేసినది.

మన ప్రభుత్వము అంతటితో ఆగరాదు. అనుమతి పత్రముపై ఏ చేను, ఎన్ని దినములు అని వ్రాయుటతో పాటు ఏ తుపాకి, ఏ తూటా, ఎంత దూరము అనియు వ్రాయవలెను. కాల్చువానిని ముందుగా గురిచాళ్లలో పరీక్షింపవలెను. పండ్రెండు బోరు తుపాకియైనచో కర్మాగారమున చేసిన ఒంటిగుండు తూటాతో 40 మీటర్ల లోపల. 315 రైఫిలైనచో 244 గ్రెయినుల మెత్తమూతి తూటాతో, మంచెపైనుండి నేలవైపునకే, 100 మీటర్ల లోపల. గాయపడిన మృగమును వెదకి కడతేర్చు బాధ్యత కాల్చినవానిదే కావలెను. అనుజ్ఞాపత్రము లేక ఇంట తూటాలు చేయుట 5వ సెక్షను ప్రకారము నేరము. అది అట్లే యుండవలెను. శిక్షణ, తూనిక, పర్యవేక్షణ లేనిచోట ఆ విద్య వినాశహేతువు.

భూస్వాములకును ఒక మాట. గోడకు వ్రేలాడు తుపాకి వంశగౌరవపు గుర్తు కాదు. దాని తూటా బరువేమో, అది ఎంత దూరము నమ్మదగినదో యజమాని యెరుగనిచో, అది చేనికిని కాపు కాదు, ఊరికిని కాపు కాదు. కరెంటు తీగ మాట చెప్పనే అక్కరలేదు. ఎలుకపై కోపమున ఇల్లు తగులబెట్టుకొన్నట్లు, పందికై పన్నిన తీగ తెల్లవారకముందే నీరు పెట్టవచ్చిన పాలేరును బలిగొనవచ్చును. పరాయి దొరలు మనకు తుపాకి ఈయక భయపడిరి. మన దొరతనము తుపాకి నిచ్చి తూటా సంగతి మరచినది. రెండవది మనము దిద్దుకొనదగిన తప్పు. దిద్దుకొనమని అడుగుట పౌరుల విధి.