గట్టు మీది మొక్కను చూపించే ముందు రాసిపెట్టుకోండి

మారేడుమిల్లి, తలకోన, నల్లమల చుట్టుపక్కల అడవి అంచు ఊళ్లకు సెలవు రోజుల్లో బయటివాళ్లు వస్తూనే ఉన్నారు. జలపాతం చూసి వెళ్లిపోయేవాళ్లు కొందరైతే, ‘ఈ చెట్టు పేరేమిటి? ఈ కాయ తింటారా? దీని విత్తనం దొరుకుతుందా?’ అని అడిగేవాళ్లు మరికొందరు. అందుకే కొంతమంది రైతులు అర ఎకరమో, పొలం గట్టో వదిలి, మన నేల మొక్కలను పెంచి సందర్శకులకు చూపిస్తే నాలుగు రూపాయలు వస్తాయా అని అడుగుతున్నారు.

చేయవచ్చు. కానీ ఒక వరుస పాటించాలి. ముందు మొక్కల్లో తేడాలు గమనించాలి. తర్వాత ఊరి రిజిస్టరులో రాయించాలి. ఆ తర్వాతే బయటివారికి చూపించాలి. ఈ వరుస తప్పితే నష్టపోయేది రైతే.

ఒకే జాతిలో ఇన్ని తేడాలు ఎందుకు ముఖ్యం?

పొలంలో వేసే రకం అంతా ఒకేలా ఉండాలని కోరుకుంటాం. అడవి మొక్క అలా కాదు. ఒకే వాగు ఒడ్డున ఉన్న నేరేడు చెట్లలో ఒకటి ముందు కాస్తుంది, ఒకటి ఆలస్యంగా కాస్తుంది. ఒకదాని పండు తీపి, పక్కదానిది వగరు. ఈ తేడాల్లోనే రేపటి పంటకు పనికొచ్చే గుణం దాగి ఉంటుంది.

వరినే తీసుకోండి. 1970లలో ఆసియా దేశాల్లో సుడిదోమ ద్వారా వ్యాపించే గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు వరిని దెబ్బతీసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరు వేలకు పైగా నమూనాలను పరీక్షించింది. తెగులును గట్టిగా తట్టుకున్నది ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒక్క నివ్వరి నమూనా మాత్రమే. మన చెరువు లోతట్టుల్లో కలుపుగా పీకిపారేసే అడవి వరి ఇదే జాతి. ఆ ఒక్క నమూనాలో కూడా అన్ని మొక్కలూ తట్టుకోలేదు, కొన్ని మాత్రమే తట్టుకున్నాయి. వాటి గుణమే ఐఆర్ 36 వంటి రకాల్లోకి వచ్చి కోట్ల ఎకరాలను కాపాడింది.

కంది సంగతీ అంతే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ రూపొందించిన హైబ్రిడ్ కందికి ఆధారం ఒక అడవి కంది జాతి. తూర్పు కనుమల్లో పెరిగే ఆ జాతి నుంచి మగ వంధ్యత్వ గుణాన్ని తీసుకున్నారు. తెలంగాణలో విడుదలైన మన్నెంకొండ కంది ఆ దారిలో వచ్చిందే.

తేడాలను ఎలా గమనించాలి?

బోడకాకరను ఉదాహరణగా తీసుకుందాం. ఆంధ్ర ప్రాంతంలో దీన్నే ఆగాకర అంటారు. తొలకరికి దుంప నుంచి మొలిచి కంచెల మీద పాకుతుంది. మగ, ఆడ తీగలు వేరువేరుగా ఉంటాయి. ఇలా చేయండి:

• మీ గట్టు మీద, కంచె మీద ఉన్న తీగల్లో 20 నుంచి 30 వరకు ఎంచుకుని పక్కన కర్ర పాతి నంబరు రాయండి. బాగా కాసిన వాటినే ఏరుకోవద్దు. వరుసగా కనిపించినవన్నీ రాయాలి.

• ఒక్కో తీగకు మొలిచిన తేదీ, తొలి పూత తేదీ, మగదా ఆడదా, పది కాయల బరువు, కాయ ఆకారం, ముళ్ల తీరు, రుచి, పురుగు తాకిడి నోటుబుక్కులో రాయండి.

• తేడా నేల వల్ల వచ్చిందా, జాతి గుణమా అన్నది తేల్చాలి. ఎరువుకుప్ప పక్కన ఉన్న తీగ ఎలాగూ బాగా కాస్తుంది. మంచివనుకున్న నాలుగైదు తీగల దుంపలు, సాధారణ తీగల దుంపలు తీసి ఒకే మడిలో పక్కపక్కనే నాటండి. అక్కడా తేడా నిలిస్తే అది జాతి గుణం.

• ప్రతి ఎనిమిది, పది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉండేలా చూడండి. మగవి పీకేస్తే కాయ నిలవదు.

రెండు సీజన్లు ఇలా రాస్తే మీ దగ్గర ఉన్నది మాటగా కాక ఆధారంగా మారుతుంది. ప్రత్యేకంగా కనిపించిన దాన్ని మీ కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం దృష్టికి తీసుకెళ్లవచ్చు.

చట్టంలో వచ్చిన మార్పు మనకేం చెబుతోంది?

జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. 2023లో దాన్ని సవరించారు. సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. జైలు శిక్షలు పోయి, వాటి స్థానంలో జరిమానాలు వచ్చాయి. సాగు చేసిన ఔషధ మొక్కలకు, గ్రంథాల్లో నమోదైన సంప్రదాయ వైద్య జ్ఞానానికి కొన్ని మినహాయింపులు ఇచ్చారు. అంటే వాటిని వాడుకునే కంపెనీ ప్రయోజనంలో వాటా ఇవ్వాల్సిన అవసరం తగ్గింది.

ఇక్కడే చిన్న రైతు ఆలోచించాలి. గ్రంథాల్లోకి ఎక్కని జ్ఞానానికి, అంటే మన ఊరి పెద్దల నోట ఉన్నదానికి, ఆ మినహాయింపు లేదు. దాన్ని వ్యాపారానికి వాడుకుంటే ఊరికి వాటా రావాలి. కానీ అది మన ఊరిదని చూపేదెలా? పంచాయతీ స్థాయిలోని జీవవైవిధ్య యాజమాన్య కమిటీ తయారుచేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరే దానికి బలమైన ఆధారం. చాలాచోట్ల ఈ రిజిస్టరులో మొక్క పేరు ఒక్కటే ఉంటోంది. ‘నేరేడు’ అని రాస్తే సరిపోదు. ఏ సర్వే నంబరు గట్టున, ఎలాంటి కాయ, ఎవరు కాపాడుతున్నారు అన్న వివరం కూడా రాయించండి.

వ్యాపారం కోసం సేకరించేవారి నుంచి రుసుము వసూలు చేసే అధికారం ఈ కమిటీకి ఉంది. విదేశీయులు, విదేశీ కంపెనీలు పరిశోధనకైనా సరే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తీసుకోవాలి. వాటా కాగితం మీద మాటే అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ఎర్రచందనం సాగు చేసిన రైతులకు ఆ సంస్థ వాటా సొమ్ము విడుదల చేసింది.

మరో చట్టం కూడా ఉంది. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001 ప్రకారం నాటు రకాలనూ పంటల అడవి బంధువులనూ కాపాడే రైతులు గుర్తింపుకు, బహుమతికి అర్హులు. దానికీ మీ నోటుబుక్కే మొదటి ఆధారం.

సందర్శకులకు చూపేటప్పుడు

• మొక్కలను అడవి నుంచి పీకి తేవద్దు. గట్టు మీద తానుగా మొలిచినవాటిని కాపాడండి, మిగిలినవి నర్సరీ నుంచి తెచ్చుకోండి. శేషాచలం కొండల్లో మాత్రమే పెరిగే పేరిత వంటివి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. తెచ్చి నాటినా నేరమే.

• పలకపై ఊరి పేరు, శాస్త్రీయ నామం, వాడుక రాయండి. తంగేడు దగ్గర బతుకమ్మ గురించి, జమ్మి దగ్గర దసరా గురించి చెబితే పట్నం పిల్లలకు గుర్తుంటుంది.

• ఒకే జాతివి రెండు మూడు రకాలు పక్కపక్కన ఉంచండి. పండు తిని తేడా చెప్పమంటే సందర్శకులు అక్కడే ఆగుతారు.

• తినిపించేవి మీ ఇంట్లో రోజూ వండే కూరలే కావాలి. గురివింద ఎరుపైనా తెలుపైనా గింజ విషమే. ఉమ్మెత్త కూడా అంతే. వీటిని పిల్లల చేతికి అందనివ్వొద్దు.

• మందుల తయారీ వివరాలు చెప్పవద్దు. విత్తనం, దుంప, కొమ్మ ఇవ్వాల్సి వస్తే ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇచ్చారో రాసి సంతకం తీసుకోండి.

టికెట్టు డబ్బు మొదట్లో పెద్దగా ఉండదు. దీని కోసం అప్పు చేయవద్దు, పంట భూమి తగ్గించుకోవద్దు. గట్టు, కంచె, బంజరు మూల చాలు. ఈ తొలకరికి ఒక్క జాతితో మొదలుపెట్టండి. గ్రామసభ జరిగే రోజున ఆ పుస్తకం పట్టుకెళ్లి, మీ మొక్క వివరాలను రిజిస్టరులో ఎక్కించమని అడగండి. ఊరికి వచ్చే సందర్శకుడు ఫొటో తీసుకుని వెళ్లిపోతాడు. ఆ మొక్క మీ ఊరిదని రుజువు మాత్రం మీ దగ్గరే ఉండాలి.