విద్యార్థి సంఘములు – వ్యక్తి వికాసము

విద్యార్థి పాఠశాలలో రెండు విధములుగా నేర్చుకొనును. గురువు చెప్పగా విని నేర్చుకొనునది మొదటిది. తానే పూనుకొని, చేసి నేర్చుకొనునది రెండవది. మొదటిదానికి పాఠ్యగ్రంథములు, పరీక్షలు, మార్కులు కలవు. రెండవదానికి ఇవి యేవియు లేవు. అందువలన కాబోలు, పెద్దలు దానిని తరచుగా ఉపేక్షింతురు. సాహితీ సమితి యనియు, విజ్ఞాన సంఘమనియు తిరుగు పిల్లవాడు చదువున వెనుకబడునని తల్లిదండ్రులు భయపడుదురు. ఆ భయము పూర్తిగా నిరాధారమని చెప్పరాదు. కాని చిన్న సంఘమును నడపుటవలన కలుగు శిక్షణము పుస్తకపఠనముచేత మాత్రమే లభించునది కాదు. ఇందులకు మహాత్మాగాంధీ జీవితమే చక్కని నిదర్శనము.

గాంధీజీ 1888లో, పందొమ్మిదవ యేట, న్యాయశాస్త్రము చదువుటకై లండను నగరమునకు వెళ్లిరి. అప్పటికి ఆయన మిక్కిలి సిగ్గరి. కొత్త దేశమున నాగరకుడుగా కనబడవలెనను కోరికతో ఆయన పెక్కు కొత్త విద్యల నారంభించిరి. మూడు పౌనులు చెల్లించి నాట్యపు తరగతిలో చేరిరి. కాని పియానో లయకు అడుగులు కుదరలేదు. సంగీతము చెవికెక్కిన లయ తెలియునని తలచి మరి మూడు పౌనులతో వాయులీనము కొనిరి. ఉపన్యాస కళ నేర్చుటకు వేరొక గురువు నాశ్రయించిరి. సుమారు మూడు నెలలలో ఈ వ్యామోహము తొలగిపోయెను. వాయులీనము అమ్ముడుపోయెను. నాట్యము రాలేదు, ఉపన్యాసమును రాలేదు.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన విషయమొకటి కలదు. కొత్త పనిని చేపట్టినంత మాత్రమున మనిషి ఎదుగడు. పదిమందిలో గొప్పగా కనబడుటకై చేపట్టిన పని, ఆ కోరిక తీరగానే లేక తీరదని తెలియగానే విడిచిపోవును. దానిని ఆరంభశూరత్వమందురు. తాను నమ్మిన కార్యమునకై, తోడివారి నిమిత్తమై చేపట్టిన పని అట్లు విడిచిపోదు. ఒకవేళ చెడిపోయినను ఏదో ఒక పాఠము మిగిల్చి పోవును.

గాంధీజీ విషయమున అట్లే జరిగెను. శాకాహారమునందు ఆయనకు దృఢమైన విశ్వాసము కుదిరెను. 1890లో ఆయన లండను శాకాహార సంఘపు కార్యవర్గమున సభ్యులైరి. ప్రతి సమావేశమునకు పోవుచుండిరి. కాని నోరు మెదపలేకపోవుచుండిరి. ఒకనాడు ఒక సభ్యుని తొలగింపవలెనని ప్రస్తావన వచ్చెను. ఆ సభ్యుని అభిప్రాయములు వేరొక విషయమునకు సంబంధించినవి. అవి గాంధీజీకి కూడ సమ్మతములు కావు. అయినను, శాకాహార ప్రచారమునకై ఏర్పడిన సంఘము ఇతర విషయములందలి అభిప్రాయ భేదమునుబట్టి ఒకరిని వెలివేయుట న్యాయము కాదని ఆయన తలచిరి. ఆ మాట లేచి చెప్పుటకు ధైర్యము చాలలేదు. కాగితముపై వ్రాసికొనిపోయిరి, చదువుటకును ధైర్యము చాలలేదు. అధ్యక్షుడు దానిని మరియొకరిచేత చదివించెను. గాంధీజీ పక్షము ఓడిపోయెను. అయినను, తనకు నచ్చని వాని పక్షమున సైతము న్యాయము పలుకవలెనను వివేకము ఆయనకు ఆ చిన్న సంఘముననే ఆచరణలోనికి వచ్చెను.

లండనులో నివసించుచున్న కాలముననే ఆయన బేస్‌వాటరను పేటలో తామే ఒక శాకాహార సంఘమును స్థాపించిరి. శాకాహార పత్రికా సంపాదకుడైన ఓల్డుఫీల్డు దానికి అధ్యక్షుడు, భగవద్గీతను ఆంగ్లీకరించిన ఎడ్విన్ ఆర్నాల్డు ఉపాధ్యక్షుడు, గాంధీజీ కార్యదర్శి. ఆ సంఘము కొన్ని నెలలు మాత్రమే నడచెను. గాంధీజీ ఆ పేట విడిచిపోగానే అది అంతరించెను. లోకదృష్టికి అది విఫలయత్నమే. కాని సంస్థలను నెలకొల్పి నడపు పనిలో తనకు కొంత శిక్షణ అచ్చటనే లభించినదని ఆయన తమ ఆత్మకథలో వ్రాసికొనిరి.

ఈ శిక్షణ వెంటనే ఫలించెనని తలపరాదు. 1891లో స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట బొంబాయిలో చేపట్టిన మొదటి వ్యాజ్యమున ఆయన సాక్షిని ప్రశ్నింపలేకపోయిరి. తల తిరిగినట్లయి కూర్చుండిపోయి, వేరొక న్యాయవాదిని నియమించుకొమ్మని చెప్పి, తీసికొన్న రుసుమును వదలుకొనిరి. అయినను 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరమున భారతీయులను సమావేశపరచి, వర్తకమున సత్యము పాటింపవలెనని ఉపన్యసించిరి. అదియే తమ మొదటి బహిరంగోపన్యాసమని ఆయన చెప్పుకొనిరి. లండనులో గురువునకు రుసుమిచ్చి నేర్చుకొనలేని విద్య, తోటివారి కష్టము కన్నులకు కట్టినపుడు తనంత తాను నోటికి వచ్చెను.

1894లో నేటాలు భారతీయ కాంగ్రెసు ఏర్పడెను. గాంధీజీ దానికి కార్యదర్శులైరి. చందాలు వసూలు చేయుట ఎంత కష్టమో వారికి అప్పుడు తెలిసెను. ఒక రాత్రి ఒక గృహస్థుడు ఆరు పౌనులకు బదులు మూడే ఇత్తుననెను. గాంధీజీయు సహచరులును ఆకలిగొనియుండియు భోజనము చేయక, కోపింపక, తెల్లవారువరకు వేచియుండి ఆరు పౌనులను గైకొనిరి. వచ్చిన ప్రతి పైసకును లెక్క వ్రాసిరి. స్పష్టమైన లెక్కలు లేని సంస్థలో సత్యము నిలువదని వారి నిశ్చయము. సమావేశములందు మాటలాడుటకు జంకు సభ్యులకు సభామర్యాదలను బోధించిరి. ఒకప్పుడు తాము మాటలాడలేని గాంధీజీ ఇతరులచేత మాటలాడింపగలిగిరి. నాయకత్వమనగా ఇదియే.

దీనినిబట్టి మన పాఠశాలలలోని పద్ధతిని కొంత పరిశీలింపవలసియున్నది. పెక్కుచోట్ల చక్కగా మాటలాడగల విద్యార్థినే యేటేట కార్యదర్శిగా ఎన్నుకొందురు. అతడే స్వాగతము పలుకును, అతడే వందన సమర్పణము చేయును. తక్కినవారు బల్లలు మోసి చప్పట్లు కొట్టుదురు. సభ అందముగా జరుగును. కాని ఎదుగవలసిన వారు ఎదుగరు. ఈత వచ్చినవానినే మరల మరల చెరువులోనికి దింపిన, గట్టున నిలిచినవాడు ఎన్నడు ఈదగలడు? కావున కార్యదర్శి పదవి మూడు నెలలకొకసారి మారుట మేలు. సిగ్గరియైన బాలునకు, వెనుక బల్లపై మౌనముగా కూర్చుండు బాలికకు కూడ వంతు రావలెను.

అట్లయిన సభలు చెడిపోవునని కొందరందురు. చెడిపోవచ్చును. ఒకనాడు ప్రకటన వ్రాయుట మరచిపోవుదురు. మరియొకనాడు వక్త వచ్చియు శ్రోతలు రాకపోవుదురు. లెక్కలో రెండు రూపాయలు తేడా వచ్చును. కాని పొరపాటునకు తక్కువ వెల చెల్లించి ఎక్కువ నేర్చుకొనగల స్థలము పాఠశాలయే. పెద్దయైన పిమ్మట ఆ పొరపాటులనే ఊరి సంఘమునందో, కార్యాలయమునందో చేసిన, నష్టము పదిమందిది అగును.

చదువునకు భంగము కలుగకుండ వారమునకొక గంట సంఘమునకు కేటాయించిన చాలును. ఆ గంటలో కార్యదర్శి చేయవలసిన పనులు చిన్నవే: నిర్ణయించిన వేళకు సభ ప్రారంభించుట, తీర్మానములను ఉన్నదున్నట్లు వ్రాయుట, చందా లెక్కలను అందరి యెదుట చదువుట, తనతో ఏకీభవింపని వానికి ముందుగా మాటలాడు అవకాశమిచ్చుట. ఈ నాలుగింటిని నేర్చినవాడు ఎంత చిన్న సంఘమున పనిచేసినను పెద్ద విద్యనే నేర్చినవాడగును.

పాఠశాల విడిచిన పిమ్మట ఆ సంఘము ఉండవచ్చును, ఉండకపోవచ్చును. బేస్‌వాటరు సంఘము నిలువలేదు. దానిని నడపిన యువకుడు మాత్రము నిలిచెను. సంఘ నిర్వహణమునకు పిలుపు వచ్చినపుడు తనకు చేతకాదని తప్పించుకొను విద్యార్థి ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను. చేతకాకపోవుటయే ఆ పనిని చేపట్టుటకు తగిన కారణము.