పొడి గడప సాక్ష్యం

బుడమేటి వరద తరువాత విజయవాడ సంఘాల్లో ఒక తరహా సాక్ష్యం, అంటే విశ్వాసి తనకు దేవుడు చేసిన మేలును సభ ఎదుట చెప్పుకోవడం, తరచు వినవస్తోంది: 2024 సెప్టెంబరులో అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం మునిగినా తమ గడప మాత్రం తడవలేదనీ, అదే దేవుని కృప అనీ ఒకరు చెప్పగానే సభ యావత్తు హల్లెలూయా అంటుంది. మేలు పొందినవాడు కృతజ్ఞత చెప్పుకోవడంలో తప్పు లేదు గాని, పక్క వీధిలో మొలలోతు నీటిలో నిలబడి పాలప్యాకెట్ కోసం పడవ వైపు చేయి చాచిన తల్లికి ఆ కృప దక్కలేదన్న తీర్పు కూడా ఆ మాటలో దాగి ఉంది, అది ఘోరమైన తీర్పు. ఏ గోడ మీద బురద గీత ఎంత ఎత్తున నిలిచిందో బుడమేరు వాగు నీటిని మళ్లించే డైవర్షన్ ఛానల్‌కు పడిన గండ్లూ, నేల పల్లమూ తేల్చాయి గాని, ఇంటివారు చెల్లించిన దశమభాగం, అనగా రాబడిలో పదోవంతు కానుక, తేల్చలేదు.

సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగిలినవారికంటె పాపులు కారని యేసు తేటగా చెప్పినట్లు లూకా సువార్తలో ఉంది. సూర్యుణ్ణీ వానలనూ దేవుడు మంచివారికీ చెడ్డవారికీ కలిపే ఇస్తాడని మత్తయి సువార్త చెబుతుంది. నమ్మినవారు నమ్మనివారు అన్న భేదం లేకుండా అందరికీ అందే ఈ దయను వేదాంతులు సామాన్య కృప అన్నారు. ఐగుప్తులోని గోషెనులో ఇశ్రాయేలీయులకు తెగుళ్లు తగలలేదని కొందరు అడ్డు చెబుతారు; అది బానిసల విడుదల గాథ, ఇంటి ఆస్తికి బీమా పత్రం కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చినప్పుడు ప్రార్థన చేసేవారి గుడిసెలను ఎంచి విడిచిపెట్టలేదు.

కృపకు కంచె కట్టే అలవాటు ఈ కృష్ణా డెల్టాలో పాతదే. 1843లో మచిలీపట్నంలో మిషనరీ రాబర్ట్ నోబుల్ బడి తెరిచినప్పుడు సువార్త అందరిదని బోధించిన ఆ బడిలోనే అంటరానివారికి చోటు లేకపోయింది. అలా కంచె బయట ఉంచిన జనంలో నుంచే 1859లో రాఘవాపురం మాలపల్లెకు చెందిన పాగోలు వెంకయ్య, అంతకు ముందు దోపిడీలు చేసినవాడని పేరుపడినవాడు, బాప్తిస్మం పొందాడు. అతని పిలుపుకు ముందు కానుక లేదు, సభ్యత్వం లేదు, మంచి నడవడి అయినా లేదు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడలోని గుణదల మరియమాత కొండకు బొట్టు పెట్టుకుని వచ్చి కొవ్వొత్తి వెలిగించే స్త్రీలను అన్యులంటూ పక్కకు నెట్టే నోళ్లు వెంకయ్య కథను చదవాలి.

సాక్ష్యాలు మానుకోనక్కరలేదు. అయితే పొడి గడప గురించి చెప్పేవారు మునిగిన పొరుగింటి సంగతీ చెప్పాలి, సంఘపు కానుకల పెట్టెలో నుంచి ఆ ఇంటికి ఏమి వెళ్లిందో ఆ సభలోనే చదివి వినిపించాలి.