బడి తోటకు గబ్బిలాలను రానిద్దాం

సాయంత్రం బడి మీద గబ్బిలాలు తిరుగుతున్నాయి, చెట్లు కొట్టేయండి అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. మేం ఒప్పుకోం. చంద్రపూర్ బడుల్లో వాటిని రప్పించే మొక్కలే నాటాలంటాం.

చిన్న గబ్బిలాలు దోమలను, పురుగులను తింటాయి. పొద్దుగూకాక విచ్చే చంద్రకాంత, పారిజాతం పూలకు రెక్కల పురుగులు చేరతాయి. వాటి కోసం గబ్బిలాలు వస్తాయి. పెద్ద గబ్బిలాలు ఇప్ప, బూరుగు పూలకొచ్చి పుప్పొడి మోస్తాయి. పండ్లు తినే ఈ గబ్బిలాలను 1972 వన్యప్రాణి చట్టం హానికర జీవుల్లో చేర్చింది. 2022 సవరణతో ఆ జాబితాయే పోయింది.

రోగాల భయం కొట్టిపారేయలేం. కింద పడిన గబ్బిలాన్ని ముట్టుకోవద్దు, అది కొరికిన పండు తినొద్దు, చంద్రకాంత గింజలు నోట్లో పెట్టుకోవద్దు. పిల్లలకు ఇదే మొదటి పాఠం.

రెండో పాఠం భాషది. మన ఇప్పే మరాఠీ మోహ, మన గబ్బిలమే వటవాఘూళ్. ఒకే చెట్టు కింద రెండు భాషలూ వస్తాయి. 1941 నాటి కావ్యంలో జాషువా, అంటరానివాడి గోడు శివుడికి చేరవేసే పని గబ్బిలానికే అప్పగించారు. ఆయన్ను చదివించే తెలుగు బడి గబ్బిలాన్ని తరిమితే ఎలా?

ఈ తొలకరికి ఇంటికో పారిజాతం, బడికో ఇప్ప మొక్క నాటుదాం.