పతకమున్నది, పేరేదీ?

పూతలపట్టువాడికి సముద్రంతో పనేమిటని ఆ మధ్య ఒక సాహితీమిత్రుడు నన్ను నిలదీశాడు. పని ఉన్నది. మా ఊరి దగ్గర మొదలయ్యే రహదారి నాయుడుపేట చేరుతుంది. అక్కడికి దుగరాజపట్నం తీరం ఎంతో దూరం లేదు. మా చెరువులు నిండాలన్నా బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టవలసిందే.

అతని అసలు వాదన వేరు. ఓడ పగిలినప్పుడు మనుషులను కాపాడే కేంద్రాలు ఇంగ్లండు సొత్తనీ, మన తీరానికి అటువంటి చరిత్రే లేదనీ అతని తీర్పు. నేనిది ఒప్పుకోను.

1824లో సర్ విలియం హిల్లరీ చొరవతో ఇంగ్లండులో ప్రాణరక్షక పడవల సంస్థ వెలసిన మాట నిజమే. ఆ కాలానికి చెన్నపట్నంలో హార్బరు లేదు. ఓడలు దూరాన లంగరు వేస్తే, ప్రయాణికులు మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డు చేరేవారు. మేకులు లేకుండా కొబ్బరిపీచు తాడుతో పలకలు కుట్టిన పడవ అది. నేలను తాకినా పగలక వంగేది. దాని వెంట కట్టుమరాలు నడిచేవి. పడవ బోల్తా కొడితే వాటిమీది జాలరులు దూకి మనుషులను పైకి తీసేవారు. కట్టిన దుంగలే గనుక కట్టుమరం తిరగబడినా మునగదు. ఇలా ప్రాణాలు నిలిపినవారికి పతకాలిచ్చేవారని ఆనాటి తెల్లవారి యాత్రాకథనాలే చెబుతాయి. రక్షణకేంద్రమంటే ఇంకేమిటి? గోడలూ కప్పూ లేకపోవడమే లోపమా?

1838లో గ్రేస్ డార్లింగ్ తండ్రితో కలిసి పడవ వేసుకుపోయి ఫార్‌ఫర్‌షైర్ ఓడవారిని కాపాడింది. ఆమె పేరు మనకూ తెలుసు. మరుసటి ఏడే తుపాను మన కోరంగి రేవును ఓడలతో సహా ధ్వంసం చేసింది. అక్కడ ఎవరు ఎవరిని ఒడ్డుకు లాగారో చెప్పగలమా? చెన్నపట్నంలో పతకం పుచ్చుకున్న జాలరి ఒక్కడి పేరైనా చెప్పగలమా? మన చరిత్ర రచనకు దీపస్తంభం కనబడుతుంది, తెప్ప కనబడదు. జాలరి మనకు చేపల బేరంలోనే గుర్తుకొస్తాడు.

1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది పోయారు. 1996 నవంబరు తుపానులో కాకినాడ తీరాన వేటకు వెళ్ళినవారెందరో తిరిగి రాలేదు. 1978లో చట్టబద్ధమైన తీరరక్షక దళానికి రక్షణ కూడా విధే. ఆపదలో 1554కు ఫోను చేయవచ్చు. సంతోషమే. కానీ మునిగేవాణ్ణి ముందుగా చూసేది పక్క పడవవాడే. శిక్షణ, పరికరాలు, గౌరవం మొదట అతనికి దక్కాలి.

తీరప్రాంతపు మిత్రులారా, మీ ఊరి పెద్దలను అడగండి. ఎవరు ఎవరిని కాపాడారో పేర్లతో రాయండి. లేని చరిత్ర కాదది, మనం రాయని చరిత్ర.