వెలిసింది పట్టా, పటమా?

కృష్ణకు ఈవల అమరచింత, ఆవల గద్వాల. రెండుచోట్లా మగ్గాలున్నాయి, పేరున్న చీరలున్నాయి. ఒకప్పుడు చీర కొనాలంటే అంగట్లో కూర్చుని, మడత విప్పించి, వెలుగులో పట్టి చూసి మరీ బేరమాడేవారు. ఇప్పుడు చీర ఇంట్లోనే వుంటుంది. దాని పటం మాత్రం ఫోనుల్లో ఊళ్లు తిరిగి వస్తుంది. చీరను వీడియో తీయడం, అందులోంచి మంచి ఫ్రేము ఒకటి ఏరి స్టిల్లుగా పంపడం మామూలైపోయింది.

చిక్కంతా అక్కడే. వీడియోలో నిగనిగలాడిన వంగపండు రంగు స్టిల్లులోకి వచ్చేసరికి బూడిద పూసినట్టుంటుంది. లేదా కొంగు మడతలన్నీ నల్లగా ముద్దకడతాయి. కొన్నవారేమో, "ఒకటి చూపి మరొకటి పంపారు" అంటారు. చీర తిరుగు టపాలో వచ్చేస్తుంది. రోజుల తరబడి పడుగూ పేకా కలిపిన మనిషికి డబ్బు పోయిందన్న బాధకంటే మాట పోయిందన్న బాధ ఎక్కువ.

చాలాసార్లు తప్పు పట్టుకు వేసిన రంగులోనూ వుండదు, కెమెరాలోనూ వుండదు. అంకెలు చదవడంలో వుంటుంది. వీడియోలో ప్రతి చుక్క వెలుగుకూ ఒక అంకె. మామూలు వీడియోలో నలుపుకు 16, తెలుపుకు 235. ఫొటోలో నలుపుకు 0, తెలుపుకు 255. సాఫ్ట్‌వేరు ఈ మారకం చేయడం మరిచిందా, నలుపు బూడిదవుతుంది, తెలుపు మాస్తుంది. ఒకసారి మార్చినదాన్నే మళ్లీ మార్చిందా, మడతలు మసిబారతాయి, జరీ మెరుపు తెల్లటి మరకవుతుంది. 1957లో నయాపైసలు వచ్చాక అణాల చిట్టాను పైసలుగా చదివితే ఎలా వుండేదో, ఇదీ అంతే!

ఏ తప్పో పోల్చుకోవడానికి సులువైన ఉపాయం వుంది. వీడియో తీసేటప్పుడే చీర పక్కన ఒక తెల్లకాగితం, ఒక నల్లగుడ్డ పెట్టండి. స్టిల్లులో అవే చెడితే పైన చెప్పిన అంకెల తేడా; సెట్టింగుల్లో 'లెవెల్స్' లేక 'రేంజ్' అన్నచోట సరిచేయాలి. తెలుపూ నలుపూ బాగుండి రంగులే పక్కకు జరిగితే వేరే లెక్క. పాత టెలివిజన్‌కు బీటీ 601 అని 1982లోనూ, హెచ్‌డీకి బీటీ 709 అని 1990లోనూ రెండు పద్ధతులు ఏర్పడ్డాయి. రెండోదాన్ని మొదటిదాని సూత్రంతో విప్పితే ఎరుపు కాస్త మాడుతుంది, ఆకుపచ్చ కాస్త తేలుతుంది. రెండు కొసలూ సరిగా వుండి మధ్య ఛాయలే వెలిస్తే గామా తేడా. మొత్తం పాలిపోతే ఫోను హెచ్‌డీఆర్‌లో తీసిందేమో చూడండి. దాన్ని ఆపి మళ్లీ తీయడమే సుఖం.

వీటన్నిటికంటే ముందు ఒక పరీక్ష. స్టిల్లును అదే సాఫ్ట్‌వేరులోకి తిరిగి తెచ్చి వీడియో పక్కన పెట్టండి. రెండూ ఒక్కలా వుంటే స్టిల్లు చాలావరకు నిర్దోషి. బయట చూపించే యాప్ దాన్ని వేరుగా చదువుతోందన్నమాట. అప్పుడు ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైలుతో సేవ్ చేస్తే సరిపోతుంది. కారణం తేలకుండా చేత్తో వెలుగు పెంచబోకండి. ఒక తప్పు రెండవుతుంది.

సాఫ్ట్‌వేరు చేతిలో లేని సంగతులు రెండున్నాయి. మామూలు వీడియో నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు దాస్తుంది. అంచేత సన్నని అంచులో ఎర్రపోగు రంగు పక్కకు పారుతుంది. అంచు పనితనం చూపాలంటే నీడపట్టున, పగటి వెలుగులో విడిగా ఫొటో తీయవలసిందే. రెండోది కలనేత. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు అయిన చీర కదిలినకొద్దీ ఛాయ మారుస్తుంది. ఒకే వీడియోలోని రెండు ఫ్రేములు రెండు చీరల్లా కనిపిస్తే అది లోపం కాదు, నేతగాని నేర్పు. అలాంటి చీరకు ఒక్క స్టిల్లు చాలదు, రెండు పంపండి.

ఇంతా చేశాక, కొనేవారి ఫోను కంటికి హాయిగా వుండాలని పసుపు వెలుగు పెట్టుకుని వుండవచ్చు. కనుక పటం కింద రంగు పేరు కూడా రాయండి. చిలకపచ్చకూ ఆకుపచ్చకూ, నెమలికంఠానికీ నీలానికీ తేడా ఎరగని ఇల్లాలు మన ఇళ్లలో వుంటుందా?