అరకు కొండలపై ఆస్ట్రేలియా తుమ్మ: ఎక్కడ నాటాలి, ఎక్కడ వద్దు?

అరకు లోయకు ఆస్ట్రేలియా చెట్టు కొత్త కాదు. కాఫీకి నీడనిస్తూ మిరియాల తీగకు ఊతమైన సిల్వర్ ఓక్ ఆ ఖండం నుంచి వచ్చినదే. అక్కడి మరో వృక్షం ఆస్ట్రేలియా తుమ్మ. శాస్త్రీయ నామం అకేషియా ఆరిక్యులిఫార్మిస్. మైదానాలలో విరివిగా నాటిన ఈ చెట్టును మన్యం తోటలలోనూ పెంచవచ్చునా అన్న ప్రశ్నకు నా సమాధానం: పెంచవచ్చు, కానీ హద్దులు తప్పనిసరి.

ఈ చెట్టు విలక్షణమైనది. లేత మొలకకు మాత్రమే నిజమైన ఆకులు ఉంటాయి. పెరిగిన చెట్టుపై ఆకులుగా కనిపించేవి వెడల్పుగా సాగిన తొడిమలు. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తాయి. అందువలన పోడు సాగుతో పైమట్టి కొట్టుకుపోయిన నిస్సారమైన నేలలోనూ ఇది నిలదొక్కుకొని, త్వరగా వంటచెరకు అందిస్తుంది. కట్టెల కోసం మైళ్ళు నడిచే గిరిజన మహిళలకు ఇది చిన్న మేలు కాదు.

అయితే మూడు అంశాలను విస్మరించరాదు. మొదటిది చలి. ఇది ఉష్ణమండల పల్లపు ప్రాంతాల వృక్షం, మంచు గడ్డకట్టే చలికి తాళలేదు. చింతపల్లి మండలంలోని లంబసింగిలో శీతాకాలపు ఉష్ణోగ్రత కొన్ని రోజులలో సున్నా డిగ్రీల సమీపానికి చేరుతుంది. రెండవది గాలి. దీని కొమ్మలు పెళుసు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుఫాను కాఫీ తోటల నీడచెట్లను ఎంతగా కూల్చిందో రైతులు మరువలేదు. మూడవది వ్యాప్తి. గట్టి పెంకు గల తుమ్మ విత్తనాలు నేలలో ఏళ్ళ తరబడి సజీవంగా ఉంటాయి. ఇదే ప్రజాతికి చెందిన వాటిల్ చెట్లు నీలగిరులలో సహజ పచ్చిక బయళ్ళను ఆక్రమించిన అనుభవం మన కళ్ళ ముందే ఉన్నది.

కావున దీనిని చలి తక్కువగా ఉండే దిగువ గ్రామాలలో, బీడు భూములలో, వంటచెరకు కోసం మాత్రమే నాటడం మేలు. కాఫీ నీడకు, వాగుల గట్లకు, కొండలపై పచ్చికకు ఇది తగదు. అక్కడ పనస, నేరేడు వంటి చెట్లే శ్రేయస్కరం. చెట్టు చుట్టూ తానుగా మొలిచిన మొక్కలను ఏటా పెరికివేయాలి.

ఎకరా రెండెకరాల గిరిజన రైతుకు చెట్టు ఎంపికలో జరిగిన పొరపాటు పదేళ్ళ నష్టం. కనుక మొక్కల పంపిణీకి ముందే చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి కేంద్రాలలో, స్థానిక జాతుల సరసన నాటి, రైతుల సమక్షంలో పరీక్షించాలి. ఆ ఫలితమే సిఫారసుకు ఆధారం కావాలి.